కొళాయిలో నీటి ఒత్తిడి: కోరమండల్ ఇళ్లకు ఒక వివరణ

మన కోరమండల్‌లో నీళ్ల మాట ఎత్తగానే ఎవరి నోట విన్నా ఒకటే ఫిర్యాదు: "ప్రెషర్ లేదండీ." ఆ ఒక్క మాట వెనుక వేరు వేరు కష్టాలుంటాయి. ఒకరింట్లో వీధి కొళాయి సన్నగా దారంలా కారుతుంది. ఒకరింట్లో మిద్దె మీద ట్యాంకు నిండుగా ఉన్నా స్నానాల గదిలో షవర్ రాదు. ఇంకొకరింట్లో వంటింట్లో బాగానే వస్తున్న నీళ్లు, పెరట్లో కొళాయి తిప్పగానే ఆగిపోతాయి. మూడింటికీ మనం ఒకటే పేరు పెట్టాం. మందు మాత్రం మూడింటికీ వేరు. అది తెలియక చాలామంది అన్నిటికీ ఒకటే మందు వేస్తున్నారు, మోటారు.

మా సంఘం సమావేశాల్లో పండగ సంగతులు, పిల్లల పాఠాల సంగతులు అయ్యాక చివరికి మాటలు నీళ్ల దగ్గరికే వస్తాయి. మోటారు కొని డబ్బు పోగొట్టుకున్నవారు ఒకవైపు, పక్కింటి మోటారు వల్ల బిందె నిండక కూర్చున్నవారు ఇంకోవైపు. ఈ లైన్లలో ఎన్నో ఇళ్లలో పిల్లలు బెంగళూరు చేరిపోయి పెద్దవాళ్లే మిగిలారు. వీధి చివర ఉన్న ఆ ఇళ్లకు నీళ్లు చేరడం లేదంటే దానికి కారణం పైనుంచి రాకపోవడం ఒక్కటే కాదు, మధ్యలో మనం చేస్తున్న పనులు కూడా. అందుకే ఒత్తిడి అంటే ఏమిటో, దాన్ని ఇంట్లోనే ఎలా కొలవాలో, ఎక్కడ డబ్బు ఖర్చు పెడితే ఫలితం ఉంటుందో వివరంగా రాస్తున్నాం.

ఎత్తు ఉంటేనే ఒత్తిడి

కొళాయి దగ్గర నీటి ఒత్తిడి ఎంతనేది, ఆ నీరు ఎంత ఎత్తు నుంచి దిగుతోందనే దాన్ని బట్టి ఉంటుంది. నీటి మట్టం కొళాయి కంటే 10 మీటర్లు పైన ఉంటే, కొళాయి దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. ప్లంబర్లు దాన్నే "ఒక కేజీ" అంటారు, కొన్ని సామాన్ల మీద "ఒక బార్" అని రాసి ఉంటుంది. ఇంటి లెక్కకు రెండూ ఒకటే అనుకోవచ్చు. పాత మీటర్ల మీద పీఎస్ఐ ఉంటే, ఒక కేజీకి 14 పీఎస్ఐ పైచిలుకు. అడుగుల్లో చెప్పాలంటే ఒక్కో అడుగు ఎత్తుకు అర పీఎస్ఐ కంటే కొంచెం తక్కువ.

ఇందులో ట్యాంకు పరిమాణానికి చోటు లేదు. 500 లీటర్ల ట్యాంకు తీసి 1,000 లీటర్లది పెడితే ఎక్కువ సేపు నీళ్లు వస్తాయి గానీ ఎక్కువ బలంగా రావు. అదే ఎత్తులో చెంబు నీళ్లున్నా చెరువు నీళ్లున్నా కొళాయి దగ్గర ఒత్తిడి ఒకటే. నమ్మబుద్ధి కాదు గానీ నిజం ఇదే. పెద్ద ట్యాంకు పెడితే షవర్ బాగా వస్తుందని చెప్పే దుకాణదారుడి మాట వినకండి.

గనుల ఊళ్లో పుట్టి పెరిగిన మనకు ఇది కొత్త పాఠం కాదు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటి లోతుకు పోయింది. అంత ఎత్తున ఒకే పైపులో నీరు నిలబెడితే అడుగున ఒత్తిడి 300 కేజీలు దాటుతుంది. అంత ఒత్తిడిని ఏ మామూలు పైపూ ఆపదు. అందుకే లోతు గనుల్లో నీటిని ఒకే ఊపున పైకి తోడరు. మధ్య మధ్య తొట్లు కట్టి, ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు ఎక్కిస్తారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి, తోడే పంపులు ఆగాక ఆ సొరంగాల్లోకి నీరు చేరింది. మన కాళ్ల కింద అంత నీరుండి, పైన మనం బిందెలు పట్టుకుని నిలబడ్డాం. ఆ నీరు తాగడానికి పనికొచ్చేది కాదనుకోండి, అది వేరే సంగతి.

వీధి పైపు దాకా

మన ఊరికి నీరు ఎక్కడిదంటే పెద్దవాళ్లు వెంటనే బేతమంగళం అంటారు. పాలారు మీది ఆ చెరువు నీటిని గనుల కాలంలోనే శుద్ధి చేసి ఇక్కడికి ఎక్కించారు. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం గదా, ఆ తరంలోనే కంపెనీ నీటి సంగతి కూడా చూసుకుంది. పాలారు వానల మీద బతికే ఏరు. నంది కొండల వైపు పుట్టి, మన జిల్లా దాటి, కుప్పం మీదుగా తమిళ దేశానికి పోతుంది. వానలు తప్పినప్పుడల్లా చెరువు అడుగంటడం, బోర్ల మీద, ట్యాంకర్ల మీద పడటం మనందరికీ అనుభవమే.

నీరు ఎక్కడి నుంచి వచ్చినా, వీధి పైపులో ఒత్తిడి ఎలా పుడుతుందో చూడండి. ఎత్తున ఉన్న రిజర్వాయరు నుంచి వాల్వు తిప్పితే నీరు దిగుతుంది. పైపు పోయే దారిలో ప్రతి మలుపూ, ప్రతి కొళాయీ కొంత ఒత్తిడిని తినేస్తాయి. వాల్వుకు దగ్గరి ఇళ్లకు మొదట, బలంగా వస్తుంది. చివరి ఇళ్లకు ఆలస్యంగా, నీరసంగా వస్తుంది. మీ ఇల్లు మిట్ట మీద ఉంటే ఆ ఎత్తు మేరకు ఇంకా తగ్గుతుంది. మన వీధులు సమతలంగా లేవు కాబట్టి, ఒకే లైనులో నాలుగిళ్ల తేడాలో ఒకరికి తొట్టి నిండి, ఒకరికి చెంబు నిండకపోవడం వింతేమీ కాదు.

ఎంత ఉండాలి అనేదానికి దేశంలో ఒక లెక్క ఉంది. నీటి సరఫరాపై కేంద్ర ప్రభుత్వం 1999లో తెచ్చిన మార్గదర్శక గ్రంథం ప్రకారం, ఇంటికి కనెక్షన్ తీసుకునే చోట ఒక అంతస్తు ఇళ్లకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17 మీటర్ల ఒత్తిడి మిగలాల్సి ఉండేది. 7 మీటర్లంటే ఏమిటి? మోటారు లేకుండా వీధి నీరు తానుగా మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కాలి. మన లైన్లలో ఎన్ని ఇళ్లలో అలా ఎక్కుతుందో మీకే తెలుసు. ఆ అంకె ఎందుకు చెబుతున్నామంటే, అర్జీ రాసేటప్పుడు పనికొస్తుంది. ఆ సంగతి చివర్లో రాస్తాం.

తక్కువ ఒత్తిడికి మన వీధుల్లో కనిపించే పాత ఉపాయం గుంత కొళాయి. గేటు పక్కన రెండు మూడు అడుగుల గుంత తవ్వి, కొళాయిని అందులోకి దింపి, బిందె లోపల పెట్టి పడతారు. కొళాయి దిగిన ప్రతి అడుగూ ఒత్తిడికి కలిసొస్తుంది. కనుక లెక్క సరైనదే, ఎవరూ చదివి చేసిన పని కాకపోయినా. ప్రమాదం ఇంకోచోట ఉంది. గుంతలో వాన నీరు, కడిగిన నీరు నిలుస్తుంది. కొళాయి మూతి అందులో మునిగి ఉండగా వీధి నీరు ఆగిందంటే, దిగిపోతున్న నీరు గుంతలోని మురికిని పైపులోకి లాక్కుపోతుంది. మరుసటి సరఫరాలో అది మొదట వచ్చేది పక్కింటి బిందెలోకే. గుంత తప్పనిసరైతే చుట్టూ గట్టు కట్టించండి, అడుగున నీరు పోయే దారి పెట్టండి, కొళాయికి గట్టి మూత వేయండి.

మిద్దె మీది ట్యాంకు లెక్క

ఇప్పుడు ఇంటి లోపలి సంగతి. ఒక అంతస్తు ఇల్లు, స్లాబు 10 అడుగుల ఎత్తు, దాని మీద రెండడుగుల దిమ్మె, దిమ్మె మీద ట్యాంకు. ట్యాంకు అడుగు నేల నుంచి 12 అడుగులు. వంటింటి కొళాయి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటే మిగిలేది ఎనిమిదిన్నర అడుగులు. అంటే 2.6 మీటర్లు, పావు కేజీ. షవర్ 7 అడుగుల ఎత్తున ఉంటుంది. దానికి మిగిలేది 5 అడుగులే, ఒకటిన్నర మీటరు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఇంకో మూడడుగులు కలిసొస్తుంది గానీ, సగానికి దిగాక ఆ సుఖం ఉండదు. పొద్దున షవర్ బాగా వచ్చి మధ్యాహ్నం రాకపోవడానికి కారణం ఇదే. ఇందులో ప్లంబరు తప్పు లేదు, షవర్ కంపెనీ తప్పూ లేదు.

అయితే ట్యాంకు ఎత్తు పెంచుదామా? పెంచవచ్చు. కానీ ఎంత లాభమో ముందే లెక్క చూసుకోండి. మేము గుమాస్తా ఉద్యోగం చేసి వచ్చినవాళ్లం, కాగితం మీద కూడిక వేయకుండా పైసా తీయం. మూడడుగుల స్టాండు వేస్తే షవర్‌కు 5 అడుగులు కాస్తా 8 అడుగులవుతుంది. ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటింది. నీరు మాత్రం అంత పెరగదు. పారే నీరు ఒత్తిడికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి, షవర్‌లో పెరిగేది పాతిక శాతం. వంటింటి కొళాయిలో అయితే 16 శాతం ప్రాంతం. ఒత్తిడి నాలుగు రెట్లయితేనే నీరు రెండింతలవుతుంది.

బరువు కూడా చూడాలి. 1,000 లీటర్ల నీరంటే ఒక టన్ను. పాత లైను ఇళ్ల గోడలు ఆ బరువు కోసం కట్టినవి కావు. వాటి మీద కొత్తగా స్లాబు వేసుకున్నవారు స్లాబు మధ్యలో స్టాండు పెట్టకూడదు. కింద గోడ ఉన్నచోటో, బీము ఉన్నచోటో పెట్టాలి. అనుభవం ఉన్న మేస్త్రీ చేతనో ఇంజనీరు చేతనో చూపించుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

దారి ఇరుకైతే ఎత్తు ఏం చేస్తుంది

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కొళాయి మూసి ఉన్నప్పుడు ఉండే ఒత్తిడి వేరు, తిప్పాక మిగిలే ఒత్తిడి వేరు. నీరు కదలనంతసేపూ పైపు ఎంత సన్నగా ఉన్నా ఒత్తిడి పూర్తిగా ఉంటుంది. కదలడం మొదలుపెట్టాక పైపు గోడల రాపిడి దాన్ని తింటుంది. పైపు ఇరుకయ్యే కొద్దీ ఆ తినడం ఘోరంగా పెరుగుతుంది.

అంకెల్లో చూడండి. అదే ఎత్తు, అదే పొడవు ఉంచి అరంగుళం పైపు తీసి ముప్పావంగుళం వేస్తే, పారే నీరు ఒకటిన్నర రెట్లు కాదు, రెండున్నర రెట్లు దాటుతుంది. మూడడుగుల స్టాండుతో వచ్చేది పాతిక శాతం. పైపు మార్పుతో వచ్చేది అంతకు ఎన్నో రెట్లు. ఎక్కువ ఇళ్లలో డబ్బు పెట్టాల్సింది పైపు మీదే అని మేము గట్టిగా చెప్పేది అందుకే.

దీనికి తిరగేసిన లెక్క మన జిల్లాలో ప్రతి ఇంటికీ తగులుతుంది. కోలారు బోరు నీరు గట్టి నీరు. సున్నపు పొర గిన్నె అడుగున ఎలా పడుతుందో జి.ఐ. పైపు లోపలా అలాగే పడుతుంది. దానికి తుప్పు తోడవుతుంది. 15 మిల్లీమీటర్ల దారి 10 మిల్లీమీటర్లకు తగ్గితే చూడటానికి మూడో వంతే పోయినట్టుంటుంది. పారే నీరు మాత్రం మూడో వంతే మిగులుతుంది. ముప్పై నలభై ఏళ్ల జి.ఐ. పైపు కోసి లోపల చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు.

కొత్త పైపు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త. అరంగుళం అని పేరున్నంత మాత్రాన అన్ని పైపుల లోపలి దారీ ఒకటి కాదు. అరంగుళం సి.పి.వి.సి. పైపు లోపలి దారి సుమారు 12 మిల్లీమీటర్లు. పాత అరంగుళం జి.ఐ. పైపు కొత్తగా ఉన్నప్పుడు దానికంటే వెడల్పు. తుప్పు పైపు తీసి అదే కొలత సి.పి.వి.సి. వేయించుకుని, అనుకున్నంత మార్పు రాలేదని బాధపడినవారు ఉన్నారు. జి.ఐ. తీసేచోట ఒక కొలత పెంచి వేయించండి. ట్యాంకు నుంచి దిగే ముఖ్యమైన పైపు అంగుళం, గదులకు చీలేవి ముప్పావు, కొళాయి దగ్గరి చివరి జానెడు మాత్రమే అరంగుళం అనుకుంటే మామూలు ఇంటికి సరిపోతుంది.

వాల్వుల సంగతి కూడా ఉంది. లోపల గుండ్రటి పెదవి మీద దిగే పాతరకం గ్లోబ్ వాల్వు పూర్తిగా తెరిచినా, అరంగుళం కొలతలో అది ఒక్కటే ఐదు మీటర్ల పైపు చేసినంత అడ్డు చేస్తుంది. ఒక్కో మూల ఎల్బో అర మీటరు పైపుతో సమానం. ట్యాంకు దగ్గర అలాంటి వాల్వు ఉంటే తీసి, పూర్తి దారి ఉండే బాల్ వాల్వు వేయించండి. ఖర్చు కొద్ది వందల్లో తేలుతుంది.

అన్నిటికంటే చవకైన మందు ముందు చేయండి. కొళాయి మూతిలో ఉండే జాలీ, షవర్ పళ్లెం విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి పొద్దున పాత బ్రష్‌తో రుద్దండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరుతాయి. పైపులో యాసిడ్ పోయించే అలవాటు ఉంది కొందరికి. అది సున్నంతోపాటు జి.ఐ. పైపు లోహాన్నీ, అతుకులనూ తింటుంది. తాగే నీటి పైపులో ఆ పని అస్సలు వద్దు.

ఇంట్లోనే పరీక్ష

దీనికి పదిహేను అడుగుల పారదర్శక గొట్టం చాలు, మేస్త్రీలు మట్టం చూడటానికి వాడేది. ఒక చివర కొళాయి మూతికి బిగించి క్లిప్ వేయండి. రెండో చివర పైకెత్తి కర్రకు కట్టండి. కొళాయి మెల్లగా తిప్పండి. గొట్టంలో నీరు ఎంతవరకు ఎక్కి ఆగుతుందో, కొళాయి నుంచి అంత ఎత్తే మీ ఒత్తిడి. 5 అడుగుల దగ్గర ఆగితే ఒకటిన్నర మీటరు. గొట్టం పైనుంచి పొర్లితే మీకు 15 అడుగులకు మించి ఉన్నట్టు. అప్పుడు మీటరు కొనుక్కోవచ్చు. పది కేజీల దాకా చూపే మీటరు కొనకండి, మన పావు కేజీ దాని మీద కనబడదు. రెండు కేజీల వరకు చూపేది అడగండి.

ఇప్పుడు అసలు పరీక్ష. గొట్టం అలాగే ఉంచి, అదే పైపు మీది ఇంకో కొళాయి పూర్తిగా తిప్పండి. గొట్టంలో మట్టం ఒకటి రెండు జానలు తగ్గితే మీ దారి బాగున్నట్టే. పైనుంచి కిందికి దబ్బున పడిపోతే దారిలో ఎక్కడో ఇరుకు ఉంది. ముందు ఎక్కినప్పుడే తక్కువ ఎక్కితే లోపం ఎత్తులో ఉంది. ఇంత తేలికగా రెండు రోగాలూ విడివిడిగా తెలిసిపోతాయి. ఈ పరీక్ష చేయకుండా మోటారు కొనడం, రక్తం చూడకుండా మాత్రలు మింగడం లాంటిది.

బకెట్ లెక్క ఇంకా సులువు. 15 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో గడియారం చూడండి. ఒకటిన్నర నిమిషంలో నిండితే నిమిషానికి 10 లీటర్లు, స్నానానికి బాగా చాలు. ఐదు నిమిషాలు పడితే నిమిషానికి 3 లీటర్లు. ఇంట్లో ప్రతి కొళాయికీ ఈ లెక్క రాసుకుంటే, ఏ గది పైపులో లోపముందో ప్లంబరు రాకముందే మీకు తెలుస్తుంది.

వీధి పైపుకు మోటారు

ఈ విషయం మెత్తగా రాయలేం. వీధి పైపుకు నేరుగా మోటారు తగిలించడం నిషిద్ధం. నిషేధం అలా ఉంచి, దాని వల్ల జరిగేది చూడండి. చిన్న అర హార్స్‌పవర్ మోటారు నిమిషానికి పాతిక ముప్పై లీటర్లు లాగుతుంది. మామూలు కొళాయికి వచ్చేది ఐదు లీటర్లనుకుంటే, ఒక్క మోటారు ఐదారిళ్ల వాటా తీసుకుంటుంది. రిజర్వాయరు నుంచి వచ్చే నీరు మోటారుతో పెరగదు. ఉన్న నీరే ఒకవైపు వంగుతుంది. పక్కవారు కూడా మోటారు పెడతారు. ఆ తర్వాత ఎదురింటివారు. చివరికి అందరి కరెంటు బిల్లూ పెరిగి, ఎవరి తొట్టీ మునుపటికంటే ఎక్కువ నిండదు. మోటారు కొనలేనివారికి అసలే రాదు.

రెండోది ఆరోగ్యం. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటే కిందికి పడుతుంది. మామూలుగా నీరు బయటికి కారే పగుళ్లలోంచి, అప్పుడు బయటి మురికి లోపలికి పోతుంది. మన వీధుల్లో ఎన్నో కనెక్షన్లు కాలువ దాటుకునే వస్తున్నాయి. మోటారు వేసినవారి ట్యాంకులోకే ముందుగా ఆ మురికి చేరుతుంది, ఎందుకంటే లాగుతున్నది వారే. వాంతులు, విరేచనాలు వీధిలో వరసగా వచ్చినప్పుడు నీటి రంగు చూడటంతో సరిపెట్టకుండా, ఆ వారం ఎక్కడెక్కడ మోటార్లు ఆడాయో కూడా చూడాలి.

మరి ఏం చేయాలి? వీధి నీరు తన బలంతో తాను ఎక్కడిదాకా రాగలదో అక్కడ పట్టుకోవాలి. స్థలం ఉన్నవారికి నేలలో సంపు. స్థలం లేని లైను ఇళ్లకు నేల మట్టంలో 300 లేదా 500 లీటర్ల తొట్టి, దాని నోరు వీలైనంత కిందికి. దానికి ఫ్లోట్ వాల్వు పెడితే నిండగానే ఆగుతుంది. ఆ తొట్టి నుంచి మిద్దెకు మోటారు పెట్టుకోండి, ఎవరూ అడగరు. రాత్రి రెండింటికి నీళ్లొచ్చినా లేచి కూర్చోనవసరం లేదు. రెండు మూడు ఇళ్లు కలిసి ఒకే సంపు కట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. అన్నదమ్ముల ఇళ్లు పక్కపక్కనే ఉన్నచోట ఇది తేలిక. అన్నదమ్ములు మాట్లాడుకునే స్థితిలో ఉంటే, అనుకోండి.

సంపు మోటారు కొనేటప్పుడు ఒక మాట. మోటారు నీటిని పైకి ఎంతైనా నెట్టగలదు గానీ, కింది నుంచి లాగడానికి హద్దుంది. సముద్ర మట్టంలో ఆ హద్దు 10 మీటర్ల పైచిలుకు. మనం 850 మీటర్ల ఎత్తు ప్రాంతంలో ఉన్నాం కనుక ఇక్కడ అది 9 మీటర్లకు కాస్త అటూ ఇటూ, ఆచరణలో 6 లేదా 7. అందుకే లోతు బావికి మోటారు గట్టున పెడితే పనిచేయదు, బోరులో మోటారును నీటిలోకే దింపుతారు. మన జిల్లాలో 1,000 అడుగులు దాటిన బోర్లు ఎన్నో. ఆ మోటారు 300 మీటర్ల ఎత్తుకు, అంటే 30 కేజీల ఒత్తిడికి ఎదురు నెడుతోంది. బోరు కరెంటు బిల్లు ఎందుకంతో దీన్నిబట్టి తెలుస్తుంది. బెంగళూరు శుద్ధి నీటితో కోలారు చెరువులు నింపే కె.సి. వ్యాలీ పథకం 2018లో మొదలైంది. భూమిలోకి ఇంకి బోర్ల మట్టం పెంచడమే దాని ఉద్దేశం. కొళాయిలకు వదిలే నీరు కాదది.

మిగిలిన చిన్న సంగతులు

ట్యాంకు నిండా నీళ్లు, కొళాయి తిప్పితే బుస్సుమని గాలి. పైపు పిట్టగోడ ఎక్కి దిగే చోట గాలి చిక్కుకుంటుంది. ట్యాంకు నుంచి పైపు దిగే మొదట్లో ఒక సన్న పైపు నిలువుగా, ట్యాంకు పైఅంచు కంటే ఎత్తుగా పెట్టి నోరు వదిలేయండి. గాలి అటుగా పోతుంది. ఆ నోటికి వల కట్టండి, పురుగులు పడకుండా.

సోలార్ హీటర్ వేయించుకునేవారు చల్లటి నీటి ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు కంటే పైన ఉండేలా చూడాలి. లేకపోతే వేడినీరు సన్నగా వస్తుంది. వాషింగ్ మెషీన్ తెచ్చేముందు దాని పుస్తకంలో కనీస ఒత్తిడి ఎంత అడిగారో చదవండి. కొన్నిటికి 0.3 కేజీ కావాలి. ఒక అంతస్తు మిద్దె ట్యాంకు ఇచ్చేది పావు కేజీ కనుక, మెషీన్ నీటి కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. అలాంటి ఇళ్లకు ట్యాంకు కిందనుంచి పెట్టే చిన్న ప్రెషర్ పంపు మంచిదే. కరెంటు పోతే నీళ్లు ఆగకుండా, పంపు పక్కన ఇంకో దారి, అందులో నాన్ రిటర్న్ వాల్వు పెట్టమని అడగండి. కొందరు ప్లంబర్లు అడిగితే తప్ప పెట్టరు.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉన్న పిల్లలకు కష్టం ఇంకోరకం. పది పన్నెండు అంతస్తుల పైనుంచి దిగే నీరు కింది ఇళ్లలో మూడు కేజీలు దాటి కొళాయి వాషర్లు కోసేస్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టించాలి. తల్లిదండ్రులకు లేనిదీ పిల్లలకు ఎక్కువైనదీ ఒకటే వస్తువు.

అర్జీ రాసేటప్పుడు

"మా వీధిలో నీళ్లు సరిగా రావడం లేదు, దయచేసి చర్య తీసుకోగలరు" అని రాసిన అర్జీలు ఫైలులో ఎక్కడికి పోతాయో, ఆఫీసులో కూర్చుని చూసినవాళ్లం గనుక మాకు తెలుసు. అంకెలున్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. పద్నాలుగు రోజులు ఒక నోటు పుస్తకంలో రాయండి. తేదీ, నీరు మొదలైన సమయం, ఆగిన సమయం, 15 లీటర్ల బకెట్ నిండడానికి పట్టిన సెకన్లు, గొట్టంలో నీరు ఎక్కిన అడుగులు. వీధి మొదట్లో ఒక ఇల్లు, మధ్యలో ఒకటి, చివర ఒకటి, ముగ్గురూ ఒకేసారి రాస్తే ఇంకా మంచిది. మొదటింట్లో 12 అడుగులు ఎక్కి చివరింట్లో 2 అడుగులు ఎక్కితే లోపం వీధి పైపులోనో, మధ్యలోని మోటార్లలోనో ఉంది. మూడిళ్లలోనూ 2 అడుగులే ఎక్కితే వాల్వు సరిగా తెరవడం లేదో, పైనుంచే తక్కువ వస్తోందో చూడాలి. ఇంజనీరుకు ఆ తేడా చూపించగానే ఎక్కడ తవ్వాలో అర్థమవుతుంది. ఒక అంతస్తుకు 7 మీటర్లు అన్న 1999 నాటి మార్గదర్శకం మాట ఒక వాక్యంలో చేర్చండి.

అర్జీ కన్నడంలో ఉంటే పని చురుగ్గా సాగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళంలో బేరమాడి, కన్నడం చదవగలిగి రాయలేని పెద్దలు మనలో చాలామంది. నోటు పుస్తకం తీసుకుని సంఘం కార్యాలయానికి వస్తే కన్నడంలో రాసిపెడతాం. రెండు ప్రతులు చేయించి, ఒకదాని మీద ముద్ర, తేదీ, అందుకున్నవారి సంతకం తీసుకుని ఇంట్లో భద్రపరచండి. పదిహేను అడుగుల గొట్టం, క్లిప్పులు కార్యాలయంలోనే ఉన్నాయి. పేరు రాసి తీసుకెళ్లవచ్చు, మూడు రోజుల్లో తెచ్చి ఇచ్చేయాలి.